మడుగుకు పోయే సంచి

మా ఇంట్లో ఆ సంచి సర్దే పని నాది. ఖాకీ గుడ్డ సంచి, పక్కలకు రెండు జేబులు. ఒక జేబు జిప్పు పాడైతే పిన్నీసు పెట్టాను. ఆదివారం మడుగుకు పోవాలంటే గురువారం నుంచే సర్దుతూ ఉండేదాన్ని. బిడ్డకు రెండు జతల పొడి బట్టలు, అవీ తడిస్తే అని మూడో జత. మూడు తువ్వాళ్ళు. మంకీ టోపీ, స్వెట్టరు. ఎవరైనా జారితే విసరడానికి ఒక పాత నూలు చీర. తడిసిన నూలు చేతిలోంచి జారదని మామ చెప్పాడు. దానికి తోడు నేను కొన్న నైలాను తాడు. జ్వరం సిరప్పు, పసుపు, దూది, కట్టు గుడ్డ, ఒక విజిలు. థర్మాసులో వేడి నీళ్ళు. ఒడ్డెక్కగానే అరికాళ్ళకు రాయడానికి వెల్లుల్లి వేసి కాచిన నూనె చిన్న సీసాలో. అగ్గిపెట్టె ఒక ప్లాస్టిక్ కవరులో, ఆ కవరు ఇంకో కవరులో. సజ్జ రొట్టెలు, పల్లీల పొడి, పెరుగన్నం. కోతులు లాక్కుపోతాయని రెండో మూట కట్టి సంచి అడుగున దాచేదాన్ని.

“ఈతకు పోతున్నమా, ఆడ కాపురం పెట్టనీకె పోతున్నమా?” అనేవాడు నా భర్త, సంచి భుజాన వేసుకుంటూ.

“కోతులకు గుడ ఎర్కైంది, మనోళ్ళు రెండు మూటలు తెస్తరని. గుంపుకు గుంపే దిగుతాంది,” అనేవాడు మామ.

నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే మనసులో లెక్క చూసుకునేదాన్ని. సర్దుతున్నంతసేపు నా గుండె కుదురుగా ఉండేది. సంచి మూతి కట్టగానే మళ్ళీ దడ మొదలయ్యేది.

మామది నల్లమల మొదట్లో ఉన్న ఊరు, అచ్చంపేట దాటి పోవాలి. మా అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. మామ ఒక్కడే అక్కడ ఉండి నాలుగెకరాల చేను చూసుకునేవాడు. మేము మహబూబ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉంటాం. నా భర్త ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్తాడు. మాకు ఒక్కతే బిడ్డ. వానలు పడి వాగులు పారడం మొదలైనప్పటి నుంచి చలి ముదిరేదాకా నెలకోసారి, శనివారం సాయంత్రం బస్సెక్కి మామ దగ్గరికి పోయేవాళ్ళం. ఆదివారం పొద్దున్నే గుట్ట ఎక్కి మడుగుకు. అడవి లోపలికేం కాదు. గుట్ట మొదట్లో వాగు ఒక బండ మీది నుంచి జారి నిలిచే చోటు అది. ఒడ్డు పక్కన మోకాలి లోతు, నడుమ ఇద్దరు మనుషుల లోతు. నీళ్ళు చల్లగా, అడుగున రాళ్ళు కనిపించేంత తేటగా ఉంటాయి.

ఈత నేర్పడానికి గుట్ట ఎక్కాల్సిన అవసరం పూర్వం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. మామ చేనులో పెద్ద బావి ఉండేది. ఊళ్ళో సగం మంది మగపిల్లలు, కొందరు ఆడపిల్లలు కూడా ఆ బావిలోనే మామ చేతుల మీద ఈత నేర్చుకున్నారు. నా భర్తా అందులోనే నేర్చుకున్నాడు. చుట్టుపక్కల బోర్లు పడ్డాక బావి ఎండింది. ఎండిన బావిలో ఎవరిదో బర్రె పడి చచ్చాక మట్టి పోసి పూడ్చేశారు. మామ ఆ మాట చెప్పినప్పుడల్లా బర్రె గురించే చెప్పేవాడు, బావి గురించి చెప్పేవాడు కాదు. మనవరాలికి ఈత రావాలని మాత్రం పట్టుబట్టాడు.

నాకు ఈత రాదు. మాది మేళ్లచెరువు వైపు. మా చిన్నప్పుడు నీళ్ళంటే సున్నపురాయి తవ్విన గుంతల్లో నిలిచిన వాన నీళ్ళే. పచ్చగా, కదలకుండా, ఒడ్డు నుంచి ఒక్కసారిగా లోతుగా ఉండేవి. ఏడో తరగతిలో నా పక్కన కూర్చునే అమ్మాయి ఒక గుంతలో మునిగిపోయింది. అందరితో పాటు నేనూ చూడటానికి పోయాను. గట్టు మీద ఆమె చెప్పులు పక్కపక్కన విడిచి ఉన్నాయి. ఎవరూ వాటిని ముట్టుకోలేదు. నేను డిగ్రీ చదివాను, బీఎస్సీ. నీళ్ళల్లో వస్తువు ఎందుకు తేలుతుందో, ఎందుకు మునుగుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ చదువు నా భయానికి ఏమీ చేయలేదు.

సంచిలో అన్నిటికన్నా పైన పెట్టేది బెండ్ల దండ. ఎండిన కిత్తనార కాడను జానెడు ముక్కలుగా కోసి, నడుమ బెజ్జం పెట్టి తాడుకు గుచ్చుతారు. ఒక్కో ముక్కా ఒక బెండు. దూదిలా తేలిక, రాయి కట్టినా మునగనంటుంది. ఆరు బెండ్ల దండను మామ మా బిడ్డ వీపుకు కట్టి మడుగులోకి దించినప్పుడు ఆమెకు ఆరేళ్ళు. నా భర్త గొంతు లోతు నీళ్ళలో నిలబడి చేతులు చాపేవాడు. మామ బండ మీద కూర్చుని, నూలు చీర కొంగు చేతికి చుట్టుకుని చూస్తూ ఉండేవాడు. నేను ఒడ్డున నిలబడి, అప్పుడే ఊదబోతున్నట్టు విజిలు నోట్లో పెట్టుకునేదాన్ని.

మామ నేర్పే పద్ధతి ఒకటే. పిల్ల కాళ్ళు చూస్తాడు. చేతులు చూడడు. కాళ్ళు నీళ్ళ పైకి వచ్చి తేలిగ్గా ఆడుతుంటే, ఆ రోజు ఇంటికి వచ్చాక దండలోంచి ఒక బెండు తీసేస్తాడు. పిల్లకు చెప్పడు. తరువాతిసారి ఐదింటితో ఈదుతుంది, ఆరు ఉన్నాయనుకుంటూ. ఆ తరువాత నాలుగు. అలా అన్నీ పోయిన రోజు, “ఇగో బిడ్డా, నీ ఈపుకు ఏమీ లేదు, సూడు,” అని వట్టి తాడు చూపిస్తాడు. అప్పటికి ఈత వచ్చేసి ఉంటుంది. భయపడే తీరిక పిల్లకు ఉండదు.

పిల్లకే కాదు, తల్లికి కూడా చెప్పకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు. తల్లి ముఖం చూసి పిల్ల పసిగడుతుందట. నా భర్త నేర్చుకున్నప్పుడు మా అత్తకు కూడా చివరి బెండు తీసేదాకా ఎవరూ చెప్పలేదని విన్నాను. కానీ మా అత్త సంచి సర్దేది కాదు కదా.

రెండోసారి పోవడానికి సర్దుతున్నప్పుడు దండలో ఐదే ఉన్నాయి. తాడు తెగలేదు. ముడి ఎవరో శ్రద్ధగా మళ్ళీ వేశారు. నా భర్తను అడిగాను. ఆయన కాసేపు నసిగి, ఇది మీ ఆడోళ్ళకు చెప్పొద్దన్న ముచ్చట అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాడు. నీకు ఎర్కైనట్టు నాయిన ముందర కనపడనీకు అని ఒట్టు వేయించుకున్నాడు.

నేను ఒట్టు తప్పలేదు. మామ ముందు ఏమీ కనపడనీయలేదు. ఇంకో పని చేశాను.

కొత్త టీవీ కొన్నప్పుడు అట్టపెట్టెలో దాని చుట్టూ తెల్లటి మెత్తటి షీటు వచ్చింది. వేలితో నొక్కితే లోపల గాలి బుడగలు తెలిసేవి. బకెట్లో వేసి, మీద ఇత్తడి చెంబు పెట్టి చూశాను. తేలింది. బిడ్డకు ముదురు నీలం రంగు బనీను ఒకటి రెండు పొరలుగా కుట్టి, ఛాతీ దగ్గర పొరల నడుమ ఆ షీటు ముక్క పెట్టాను. బొంత కుట్టు వేశాను, చలికోసం కుట్టిందని ఎవరైనా అనుకునేట్టు. మామకు అదే చెప్పాను. “మంచిగ చేసినవ్, గుట్ట నీళ్ళు పండ్లు కొట్టుకునేంత సల్లగ ఉంటయి,” అన్నాడు.

ఆయన ఒక బెండు తీసినప్పుడల్లా నేను బనీనులో ఇంకో ముక్క కలిపాను. కావాలని, తెలిసి, ప్రతిసారీ. సంచి సర్దేటప్పుడు దండలో బెండ్లు లెక్కపెట్టి, ఎన్ని తగ్గితే అన్ని ముక్కలు కత్తిరించేదాన్ని. ఆ బనీను ఎప్పుడూ నేనే పిండేదాన్ని, నేనే ఆరేసేదాన్ని. ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. బిడ్డ ఒకటి రెండుసార్లు, “అమ్మా, గీ బనీను లావుంది, గీరుకుంటాంది,” అని గునిసింది. లోపల ఇంకో మెత్తటి గుడ్డ వేసి కుట్టాను.

అప్పుడు అది నాకు మోసంలా అనిపించలేదు. జాగ్రత్త అనిపించింది. ఆయనకు ఆయన పద్ధతి ఉంది, నాకు నా సంచి ఉంది అనుకున్నాను. ఒకరు తీస్తుంటే ఇంకొకరు కలుపుతుంటే నీళ్ళల్లో ఉన్న పిల్లకు ఏమవుతుందో ఆలోచించలేదు. ఆమె చేతులూ కాళ్ళూ ఆడించడం నేర్చుకుంది. తన బరువు తాను మోయడం మాత్రం నేర్చుకోలేదు. మామ చూసేది కాళ్ళను. ఛాతీ కింద గాలి ఉన్న పిల్ల కాళ్ళు తేలిగ్గా ఆడక ఏం చేస్తాయి? ఆయన చూసింది తప్పు కాదు. ఆయనకు కనిపించకుండా నేను దాచాను.

రెండు వానాకాలాలు అలా గడిచాయి. చెప్పాలంటే అవి మా ఇంట్లో మంచి రోజులు. మడుగు నుంచి దిగేటప్పుడు బిడ్డ మామ భుజాల మీద ఎక్కి కూర్చునేది. తాతా, నేను చేపనా కప్పనా అని అడిగేది. కప్పవే, నోరు మూయవు కదా అనేవాడు ఆయన. నా భర్త కాలేజీలో అందరికీ చెప్పుకున్నాడు, నా బిడ్డ గుట్టల్ల ఈత కొడతది అని. బెండ్లు ఆరు నుంచి ఒకటికి వచ్చాయి.

ఆ ఒక్కటీ తీసేసిన మరుసటి నెల మేము మడుగుకు పోయేనాటికి బిడ్డకు ఎనిమిదేళ్ళు నిండాయి. నా భర్త ఆ వారమే హైదరాబాదు పోయి వచ్చాడు. ఒడ్డున సంచి దించగానే తన చేతి సంచిలోంచి ఒక కవరు తీశాడు. అందులో పిల్లల స్విమ్మింగ్ డ్రెస్, గులాబీ రంగుది, భుజాల మీద రెండు పట్టీలు. నాకు కూడా చెప్పలేదు. ఈత వచ్చిన రోజు వేసుకోవడానికి తెచ్చాడు. బిడ్డ బండ చాటుకు పోయి వేసుకుని వచ్చింది. ఆమె విడిచిన నీలం బనీను నా చేతిలో ఉంది.

“సలి పెడ్తది, మీదికెల్లి బనీను ఏస్కో,” అన్నాను.

“ఆగు అమ్మా. కొత్త డ్రెస్ కనపడదు,” అంది బిడ్డ.

“ఒక్కదినం సలి పెడ్తే ఏమైతది,” అన్నాడు నా భర్త.

నేను రెండోసారి అనలేదు.

దీన్ని నేను చాలాసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఒక్క మాట చాలు. నిజం చెప్పాల్సిన అవసరం కూడా లేదు. కడుపు నొప్పి అని కూలబడ్డా అందరూ నా చుట్టూ చేరేవాళ్ళు. కానీ వాళ్ళు ముగ్గురూ నవ్వుతున్నారు. మామ వట్టి తాడు పైకెత్తి చూపించాడు. బిడ్డ వీపు తడుముకుని, నిజంగానా తాతా అని గెంతింది. మామ నన్ను చూపిస్తూ బిడ్డతో, ఇక మీ అమ్మకు నువ్వే నేర్పాలె అన్నాడు. రెండేళ్ళు ఈదింది కదా, వచ్చే ఉంటుంది అనుకున్నాను. నా భయం నా ఒక్కదానిదే, నీళ్ళది కాదు అనుకున్నాను. ఇన్నాళ్ళూ అందరూ నాకు చెప్పిన మాట అదే. జీవితంలో ఒక్కసారి నేను దాన్ని నమ్మాను. నమ్మిన రోజు అది.

బిడ్డ ఎప్పటిలాగే చిన్న బండ మీది నుంచి దూకింది. తల ఒకసారి పైకి వచ్చింది. ముఖంలో భయం లేదు, ఆశ్చర్యం ఉంది. ఎక్కుతున్న మెట్టు కాలి కింద లేనట్టు. అలవాటైన తీరుగా కాళ్ళు మెల్లగా ఆడించింది. ఛాతీ పైకి రాలేదు. చప్పుడు లేకుండా కిందికి పోయింది. మునిగేవాళ్ళు కేకలు వేస్తారనుకుంటాం. ఆమె వేయలేదు. నా భర్త ఆమె ముక్కు మూసుకుని ఆడుతోందనుకుని నవ్వుతూనే ఉన్నాడు. ముందు మామ లేచాడు. చీర విసిరాడు. అది నీళ్ళ మీద పరుచుకుంది కానీ పట్టుకోవాలని కింద ఉన్న పిల్లకు ఎలా తెలుస్తుంది? నేను విజిలు ఊదాను. బిడ్డను పేరు పెట్టి పిలవాల్సిన దాన్ని, నిలబడి విజిలు ఊదుతూ ఉన్నాను.

నా భర్త మునిగి, డ్రెస్ పట్టీ పట్టుకుని లాగాడు. మామ కూడా ధోవతితోనే దూకాడు. ఇద్దరూ కలిసి ఒడ్డుకు తెచ్చారు. పెదవులు నీలంగా ఉన్నాయి. మామ ఆమెను బోర్లా తిప్పి వీపు చరిచాడు. నీళ్ళు కక్కింది. ఏడ్చింది. ఆ ఏడుపు వినపడ్డాకే నా నోట్లోంచి విజిలు పడిపోయింది.

సంచిలో ఉన్నవన్నీ ఆ రోజు పనికొచ్చాయి. తువ్వాళ్ళు, మూడు జతల బట్టలు, స్వెట్టరు, టోపీ, నూనె, వేడి నీళ్ళు, ఒక్కటి మిగలకుండా. ముందు అచ్చంపేటలో చూపించి, అక్కడి నుంచి కారు మాట్లాడుకుని మహబూబ్‌నగర్ దవాఖానకు వస్తుంటే నా భర్త నా చేయి పట్టుకుని, “నువ్వు అన్నీ సర్దబట్టి సరిపోయింది,” అన్నాడు. నీలం బనీను నా కాళ్ళ దగ్గర ఆ సంచిలోనే ఉంది.

ఊపిరితిత్తుల్లో నీళ్ళు పోయాయని మూడు రోజులు ఉంచుకున్నారు. మూడు రోజులూ మామ దవాఖాన వరండాలో బల్ల మీదే కూర్చున్నాడు. నా భర్త ఆయన్ను ఒకే ఒక్కసారి గట్టిగా అడిగాడు.

“నాయినా, నువ్వు సూసే తీసినవా?”

“సూసే తీసిన అనుకున్న,” అన్నాడు మామ.

నేను వాళ్ళిద్దరికీ చాయ్ తెచ్చి ఇచ్చాను. రెండో రోజు పొద్దున బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు చెత్త బండి వీధిలోకి వచ్చింది. బనీను ఒక కవరులో చుట్టి అందులో వేశాను. బండి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడ్డాను.

బిడ్డ బతికింది. ఈ మాట నాకు నేను రోజూ చెప్పుకుంటాను. బిడ్డ బతికింది. కానీ తల మీద నీళ్ళు పోయనివ్వదు. వారానికోసారి తలంటు పోయాలంటే తడి గుడ్డతో తుడవడమే. వాన పడితే కిటికీ మూయమంటుంది. దవాఖాన నుంచి వచ్చాక, తాత బెండ్లు ఒక్కొక్కటి తీసేసేవాడనీ అందరూ అట్లానే నేర్చుకుంటారనీ నా భర్త ఆమెకు నచ్చజెప్పాడు. ధైర్యం చెబుదామనుకున్నాడు. ఆమెకు అందులో ఒక్కటే అర్థమైంది. “తాత నాకు చెప్పకుండ తీసిండు. తాత మోసం చేసిండు,” అంది. అప్పటి నుంచి మామ ఒడిలోకి పోలేదు.

మామ కూడా మారిపోయాడు. అంతకు ముందు మట్టిని పిడికిట్లో పట్టి చూసి, ఈ పదునుకు విత్తనం వేయొచ్చో లేదో చెప్పేవాడు. పక్క చేన్లవాళ్ళు కూడా వచ్చి అడిగేవాళ్ళు. ఆ వేసంగిలో మేము పోయినప్పుడు ఒక పాలేరు కుర్రాడిని పట్టుకుని, పదునుందంటవా అని ఆయనే అడుగుతున్నాడు. ఆ కుర్రాడు ఎగాదిగా చూశాడు. నా భర్త అది చూశాడు. నాయిన కండ్లు పోయినయి, అంచనా పోయింది, ఒక్కణ్ణే ఎట్లా ఉంచుతాం అన్నాడు. చేను కౌలుకు ఇచ్చేశాడు. ఎడ్లను అమ్మేశాడు. మామ అడ్డం చెప్పలేదు. చెప్పుకోవడానికి తనకు హక్కు లేదన్నట్టు ఇనుప పెట్టె ఒకటి పట్టుకుని మా కిరాయి ఇంటికి వచ్చాడు. కంటి డాక్టరుకు చూపించాం. వయసుకు తగ్గ చూపే, పెద్దగా ఏం లేదు అన్నాడు డాక్టరు. మామ ఆ మాట కూడా నమ్మలేదు.

ఇప్పుడు ముందు గదిలో మంచం మీద ఉంటాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పు సరిపోయిందా బిడ్డా అని నన్ను అడుగుతాడు. సరిపోయింది మామా అంటాను. ఆయన తల ఊపుతాడు. రోజుకు రెండు పూటలా ఇదే. ఆయన చేతుల మీద ఈత నేర్చుకున్న ఊరంతటి మనుషులనూ, ఆయన పండించిన పంటలనూ నేను ఒక్క బనీనుతో అబద్ధం చేశాను. ఒక్క మాట చెబితే అవన్నీ ఆయనకు తిరిగి వస్తాయి. ఆ మాట చెప్పకుండానే ఏడాది గడిపాను. రేపు అనుకున్నాను. బిడ్డ కుదుటపడ్డాక అనుకున్నాను. భర్త ముఖం ఎలా మారుతుందో అనుకున్నాను.

ఈ ఏడు వానలు మొదలయ్యాక నా భర్త అటక మీది నుంచి సంచి దించాడు. బిడ్డ భయం పోవాలంటే మళ్ళీ ఆ ఒడ్డుకు తీసుకుపోవాలి, నీళ్ళల్లోకి కాదు, ఊరికే కూర్చోనీకె అన్నాడు. సర్దమన్నాడు. సర్దుతూ కూర్చున్నాను. ఏం పెట్టాలో తోచలేదు. తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను. మామను కూడా రమ్మని నా భర్త పిలిచాడు. ఆయన గోడ వైపు తిరిగి, “నేను రాను. నా నీడ గుడ ఆ నీళ్ళ మీద పడొద్దు,” అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం, భర్త కాలేజీలో, బిడ్డ బడిలో ఉన్నప్పుడు, మామ పల్లికాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చున్నాను. చెప్పాను. మొదటి నుంచి చెప్పాను. టీవీ పెట్టె, షీటు, రెండు పొరలు, ఎన్ని బెండ్లకు ఎన్ని ముక్కలు, చెత్త బండి. అంతసేపూ ఆయన ఒలుస్తూనే ఉన్నాడు.

“మీరు సూసింది తప్పు కాదు మామా. మీ కండ్లు మంచిగనే ఉన్నయి. తప్పు నాది,” అన్నాను.

ఆయన చేటలోని తొక్కలు ఒక పక్కకు తోశాడు. ఆయన నన్ను తిట్టాలని కోరుకున్నాను. లేచి చేయి చేసుకున్నా బాగుండుననిపించింది.

“నాకు ఎర్కే బిడ్డా,” అన్నాడు.

ఏం తెలుసో నాకు అర్థం కాలేదు.

“నిన్న నేను రానంటే నీకు పానం పట్టలేదు. రాత్రంత ఆలోచన చేసినవ్. ముసలోడు కుములుతుండు, నా మీద ఏసుకుంటె పోతది అనుకున్నవ్. నాకు ఎర్కే. నీ అత్త గుడ గిట్లనే, ఎవరిదన్న తప్పుంటె తన మీద ఏసుకునేది. కానీ ఇంకోపారి గిట్ల అనకు. తల్లి బిడ్డను ముంచింది అని నోటితోని అనొద్దు. ఇంట్ల మంచిది కాదు.”

నేను నిజమే చెప్తున్నానన్నాను. బనీను గుర్తులేదా అన్నాను. “సలికి కుట్టిన బనీను గద,” అన్నాడు. మళ్ళీ పల్లికాయలు ఒలవసాగాడు. ఆయన ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. నేను చెప్పిన దానివల్ల కాదు. కోడలు తన కోసం ఇంత అబద్ధం అల్లిందని. అది చూడటం నాకు అన్నిటికన్నా కష్టమైంది.

బడి నుంచి రాగానే బిడ్డను పిలిచి, ఆ బనీను ఎలా ఉండేదో తాతకు చెప్పు అంటే చాలు. లావుగా ఉండేది, గీరుకునేది, అమ్మ పిండేటప్పుడు బకెట్లో మునిగేది కాదు అని చెప్పేస్తుంది. పిల్లలు ఇలాంటివి మర్చిపోరు. ఆయన నమ్ముతాడు. ఆ క్షణం ఆయన కండ్లు ఆయనకు తిరిగి వస్తాయి. ఆ క్షణమే బిడ్డకూ తెలుస్తుంది, మోసం చేసింది తాత కాదని.

నాలుగున్నరకు ఆటో ఆగింది. మామ బిడ్డకు దారి ఇవ్వడానికి కాళ్ళు మంచం మీదికి ముడుచుకున్నాడు. ఆమె ఆయన వైపు చూడకుండా గది దాటి వచ్చి, బరువైన బడి సంచితోనే నా నడుము చుట్టూ చేతులు వేసి ముఖం కడుపులో దాచుకుంది. ఇప్పుడు ఆమె అలా పట్టుకునేది ప్రపంచంలో నన్ను ఒక్కదాన్నే. మామ అక్కడే ఉన్నాడు. మేము ఏం మాట్లాడుకున్నా ఆయనకు వినపడుతుంది.

“ఆకలైతాందా?” అని అడిగాను.

అవునంది. పల్లీలు పెట్టాను.